మీకు తెలుసా? చక్ బెర్రీ బాకీలు, వసూళ్లు

2026 అక్టోబరు 18కి చక్ బెర్రీ పుట్టి నూరేళ్లు. గిటారును పాట ముందుకు తెచ్చి, కుర్రకారు కబుర్లకు బాణీ కట్టి, రాక్ అండ్ రోల్ అంటే ఇదీ అని చూపించినవాళ్లలో మొదటి వరసలో నిలిచే మనిషి. మూడుసార్లు శిక్ష పడి లోపలికి వెళ్లొచ్చిన మనిషి కూడా. పాత రాక్ పాటల్ని ఇంకా వదలని బెంగళూరులో ఉంటూ ఇతని పేరు చెవిన పడకుండా తిరగడం కష్టం. ఇలాంటి శీర్షికల్లో ఇతని గురించి మామూలుగా వచ్చేవి రెండే: బాతు నడక, అంతరిక్షంలోకి వెళ్లిన పాట. ఆ రెండూ కింద ఉన్నాయి. కానీ ఇతని కథంతా ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క చుట్టూనే తిరుగుతుంది. అందులో కొన్ని పద్దులు చదవడానికి బాగుండవు. వాటిని తీసేసి రాయబుద్ధి కాలేదు.

అంతరిక్షంలో తెలుగుకు తోడు వెళ్లింది ఇతనే, తెలుసా?

1977లో నాసా రెండు వ్యోమనౌకల్ని వదిలింది. వాయేజర్ 2 ఆగస్టు 20న, వాయేజర్ 1 సెప్టెంబరు 5న. అవును, రెండోదే ముందు బయల్దేరింది. రెండింటికీ చెరో గ్రామఫోను రికార్డు బిగించారు. పన్నెండు అంగుళాల రాగి పళ్లెం, పైన బంగారు పూత. ఎప్పటికైనా ఎవరికైనా దొరికితే, భూమి మీద ఇలాంటివాళ్లు ఉండేవాళ్లని తెలియడానికి. అందులో 55 భాషల్లో పలకరింపులు, 27 సంగీత ఖండికలు, వందకు పైగా బొమ్మలు.

ఆ పలకరింపుల్లో తెలుగు ఉంది. నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు అందించే చిన్న వాక్యం. కన్నడం ఉంది. హిందీ, ఉర్దూ, బెంగాలీ, మరాఠీ, గుజరాతీ, పంజాబీ, ఒరియా, రాజస్థానీ ఉన్నాయి. తమిళం లేదు, మలయాళం లేదు. బెంగళూరులో నాలుగు దక్షిణాది భాషలవాళ్లం ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతాం కనక, ఈ ముక్క ఎక్కడ చెప్పాలో ఎక్కడ మింగేయాలో చూసుకోండి.

సంగీతంలో మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి 'జాత్ కహా హో' వెళ్లింది. బాఖ్, మొజార్ట్, బీథోవెన్ వెళ్లారు. రాక్ అండ్ రోల్ తరఫున ఒకే ఒక్క పాట, 1958లో చక్ బెర్రీ విడుదల చేసిన 'జానీ బి. గుడ్'. తమాషా ఏమిటంటే, 1956లో 'రోల్ ఓవర్ బీథోవెన్' అంటూ ఆ మహానుభావుణ్ణి పక్కకు జరగమన్నది ఇతనే. ఇప్పుడు ఇద్దరూ ఒకే పళ్లెం మీద, 2,400 కోట్ల కిలోమీటర్లు దాటిపోయారు. కేసర్‌బాయి మాత్రం వాయేజర్ 1 బయల్దేరిన పదకొండో రోజునే, సెప్టెంబరు 16న, కన్నుమూశారు.

ఆ పాట వద్దన్నవాళ్లున్నారని?

జానపద సంగీతాన్ని ఊరూరా తిరిగి రికార్డు చేసిన అలన్ లోమాక్స్ ఈ ఎంపికలో సాయం చేశారు. రాక్ అండ్ రోల్ ఎదిగీ ఎదగని పిల్లల సంగీతమని ఆయనకు చిరాకు. ఈ గ్రహం మీద ఆ వయసు పిల్లలు బోలెడుమంది ఉన్నారు కదా అన్నది ఎంపికను నడిపిన ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ జవాబు. 1978లో 'సాటర్‌డే నైట్ లైవ్' అనే అమెరికన్ టీవీ హాస్య కార్యక్రమంలో, గ్రహాంతరవాసుల నుంచి మొదటి కబురు వచ్చిందనీ, చక్ బెర్రీ పాటలు ఇంకా పంపమన్నారనీ జోకు వేశారు. 1986లో బెర్రీ అరవయ్యో పుట్టినరోజుకు సేగన్, ఆ రికార్డు పనిలో తోడున్న ఆన్ డ్రూయన్ కలిసి అభినందన ఉత్తరం రాశారు. 1989 ఆగస్టులో వాయేజర్ 2 నెప్ట్యూన్‌ను దాటినప్పుడు పాసడీనాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వేడుకకు బెర్రీ స్వయంగా వచ్చి పాడాడు.

బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఒకప్పుడు 'నాసా' అని ఒక పబ్బు ఉండేది. లోపలంతా వ్యోమనౌక అలంకారం. 1990ల నాటి బెంగళూరు కుర్రాళ్లలో కొంతమందికి నాసాకీ రాక్ సంగీతానికీ ముడి అక్కడే పడింది. శాస్త్రవేత్తలు ఆ ముడి ఇరవై ఏళ్ల ముందే వేశారని వాళ్లకు అప్పుడు తెలిసి ఉండదు.

స్టేజీ ఎక్కకముందు ఏం చేసేవాడు?

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నల్లవాళ్ల మధ్యతరగతి పేట. తండ్రి చర్చిలో పెద్ద, తల్లి బడిపంతులమ్మ. కుర్రాడు హైస్కూల్లో ఉండగానే, 1944లో, స్నేహితులతో కలిసి దుకాణాల మీద పడి డబ్బు దోచుకుని, ఒకరి కారు లాక్కుని దొరికిపోయాడు. సంస్కరణశాలలో మూడేళ్లు. ఇరవయ్యొకటో పుట్టినరోజున వదిలారు. మరుసటేడు థెమెటా సగ్స్‌ని పెళ్లి చేసుకున్నాడు. కార్ల ఫ్యాక్టరీలో పని చేశాడు, ఊడ్చే పని చేశాడు, పోరో కాలేజీలో జుట్టు అలంకరణ నేర్చుకున్నాడు. పొద్దున ఆ పని, రాత్రి గిటారు. 1952 డిసెంబరు 31 రాత్రి పియానో వాద్యకారుడు జానీ జాన్సన్ ముగ్గురి బృందంలో ఒకరు రాలేకపోతే, ఆ ఒక్క రాత్రికని ఇతన్ని పిలిచారు. ఆ ఒక్క రాత్రి మాట తర్వాత మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మొదటి పాట మీద మూడు పేర్లున్నాయని తెలుసా?

1955 మేలో బెర్రీ షికాగో వెళ్లి మడ్డీ వాటర్స్‌ని కలిశాడు. బ్లూస్‌లో ఆయన పెద్ద దిక్కు. చెస్ రికార్డ్స్ అనే కంపెనీకి వెళ్లమని సలహా ఇచ్చారు. బెర్రీ తన బ్లూస్ పాటలు నచ్చుతాయనుకున్నాడు. కంపెనీ నడిపే సోదరుల్లో ఒకడైన లియొనార్డ్ చెస్‌కి నచ్చింది మాత్రం తెల్లవాళ్ల పల్లెపాట బాణీలో కట్టిన ఒక కారు పందెం కథ. దానికి పేరు మార్చి 'మేబెలీన్' అన్నారు. మే 21న రికార్డు చేశారు. నల్లవాళ్ల పాటల పట్టికలో ఒకటో స్థానానికి, అందరి పట్టికలో అయిదో స్థానానికి ఎక్కింది. పది లక్షల పైచిలుకు అమ్ముడైంది.

పళ్లెం చేతికొచ్చాక చూస్తే రచయిత పేరు దగ్గర ఇంకో రెండు పేర్లున్నాయి. ఒకటి అలన్ ఫ్రీడ్, న్యూయార్క్ రేడియోలో పాటలు వేసే పెద్దమనిషి. రెండోది రస్ ఫ్రాటో, చెస్ సోదరులకు తెలిసిన వ్యాపారి. ఒకరు పాట మోగిస్తారు, ఇంకొకరితో కంపెనీకి అవసరాలున్నాయి. అందుకని వాళ్లకూ వాటా. ఒక్క మాట రాయనివాళ్లు ముప్పై ఏళ్లు ఆ పాట మీద తిన్నారు. 1986కి గానీ రచయితగా బెర్రీ ఒక్కడి పేరే మిగలలేదు.

1963లో ఇంకోటి. బీచ్ బాయ్స్ 'సర్ఫిన్ యూఎస్ఏ' విన్నవాళ్లకు, అది బెర్రీ 1958 పాట 'స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్' బాణీయేనని తెలియడానికి సంగీత జ్ఞానం అక్కర్లేదు. హక్కులు బెర్రీ పాటల ప్రచురణకర్తలకు ఇచ్చుకోవలసి వచ్చింది. బీటిల్స్ 1969 నాటి 'కమ్ టుగెదర్' మీదా ఇలాంటి గొడవే నడిచింది. దావా వేసింది బెర్రీ కాదు, పాట హక్కులు చేతిలో ఉన్న వ్యాపారి మోరిస్ లెవీ. రాజీ కింద జాన్ లెనన్ అతని దగ్గరున్న పాటలు రికార్డు చేయాల్సి వచ్చింది. 1975లో వచ్చిన 'రాక్ అండ్ రోల్' ఆల్బమ్‌లో చక్ బెర్రీ పాట అలా చేరింది.

గొంతు విని తెల్లవాడనుకున్నారని?

బెర్రీకి గాయకుడు నాట్ కింగ్ కోల్ అంటే ప్రాణం. ప్రతి అక్షరం విడివిడిగా వినిపించేలా పాడాలని అక్కడే పట్టుబడింది. రేడియోలో విన్నవాళ్లు చాలామంది ఎవరో తెల్ల కుర్రాడనుకున్నారు. టెన్నెసీలోని నాక్స్‌విల్‌లో కచేరీకి వెళ్తే, మనిషిని చూసి గుమ్మంలోనే వెనక్కి పంపేశారని ఆత్మకథలో రాసుకున్నాడు. బయట కారులో కూర్చుని, లోపల ఇంకెవరో తన పాట పాడుతుంటే విన్నాడట. 'జానీ బి. గుడ్'లో మొదట 'నల్లపిల్లాడు' అని రాసుకుని, రేడియోవాళ్లు వేయరని 'పల్లెటూరి పిల్లాడు' అని మార్చిందీ ఆ రోజుల్లోనే. గుడ్ అన్నది అతను పుట్టిన వీధి పేరు.

ఇంకో సంగతి. బడి గంట మోగాక పిల్లలు పాటల డబ్బా దగ్గరికి పరుగెత్తే 'స్కూల్ డేస్' రాసేనాటికి ఇతనికి ముప్పై ఏళ్లు. పెళ్లాం పిల్లలున్నవాడు. పదహారేళ్లవాళ్ల గురించి రాసి పదహారేళ్లవాళ్లకు అమ్మాలని లెక్కవేసుకుని రాశాడు. లెక్క బాగా కుదిరింది.

గిటారు మీద ఆరున్నర శ్రుతి ఎందుకు?

ఇది నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే సంగతి. బెంగళూరు గిటారు క్లాసుల్లో మొదట నేర్పే స్వరాల పట్లన్నీ కొన్ని తీగల్ని వట్టిగా వదిలేసి మోగించేవి. కొత్త వేళ్లకు సుఖం. ఆ తర్వాత హుషారుగా 'జానీ బి. గుడ్' పట్టుకుంటారు. అది బి ఫ్లాట్‌లో ఉంటుంది, మన లెక్కలో ఆరున్నర శ్రుతి. అక్కడ వట్టి తీగ దాదాపుగా పనికిరాదు. ఎడమచేయి అన్నింటినీ నొక్కి పట్టాలి. చిటికెన వేలు రెండు మెట్లు అవతలికి సాగి, వెనక్కొచ్చి, మళ్లీ సాగాలి, పాట అయ్యేదాకా. పాట మొదట్లో వచ్చే ఆ ప్రసిద్ధమైన విసురులో పక్కపక్క తీగలు రెండింటిని ఒకే వేలి కింద నొక్కి, రెండూ ఒకేసారి మోగేలా కొట్టాలి. ఒక తీగ మోగితే సన్నగా ఉంటుంది. రెండు కలిస్తే కార్ల హారన్‌లా కరకరమంటుంది. ఆ కరకరే అతని సంతకం.

గిటారువాడు ఇలాంటి శ్రుతి కోరి ఎంచుకోడు. పియానోవాళ్లకు, బాకాలూదేవాళ్లకు అది సుఖం. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఈ తీగే లాగాడు. ఆరున్నర, రెండున్నర శ్రుతుల్లో ఇన్ని పాటలున్నాయంటే వాటి వెనక పియానో ఉండి తీరాలి, అంటే జానీ జాన్సన్ ఉండి తీరాలి అని. ఒక్క రాత్రికని బెర్రీని పిలిచిన ఆ జాన్సన్ బృందం కొన్నాళ్లకే బెర్రీ బృందమైంది. ఇద్దరూ కూర్చుని బాణీలు కట్టేవాళ్లు. రచయితగా జాన్సన్ పేరు ఎక్కడా పడలేదు. 1980లకు వచ్చేసరికి ఆయన సెయింట్ లూయిస్‌లో వృద్ధుల బస్సు నడుపుకుంటున్నారు.

2000లో జాన్సన్ కోర్టుకెక్కారు, యాభైకి పైగా పాటల్లో తనకూ వాటా ఉందని. 2002లో కోర్టు కొట్టేసింది. కారణం వాటా లేదని కాదు, ఆలస్యమైందని. ఇక్కడ నాకు బెర్రీ మీద జాలి మిగలదు. 'మేబెలీన్' పళ్లెం మీద పరాయి పేర్లు చూసి మండిపడ్డ మనిషి, పక్కనే కూర్చున్నవాడి పేరు రాయడం మర్చిపోయాడంటే నమ్మడం కష్టం. మాటలన్నీ బెర్రీవేననీ, గిటారు శైలి అతనిదేననీ ఒప్పుకున్నాక కూడా.

ఆ గిటారు విసురూ పూర్తిగా సొంతం కాదు. 1946లో లూయీ జోర్డాన్ పాట ఒకదానికి కార్ల్ హోగన్ వాయించిన ఆరంభం విని చూడండి. బెర్రీ ఆ సంగతి దాచలేదు, హోగన్ పేరు చెప్పేవాడు. అదీ రాయాలి.

బాతు నడక

ఒంటికాలు ముందుకు చాచి, గొంతుక్కూర్చుని, గిటారు వాయిస్తూ గెంతే ఆ నడక స్టేజీ మీదికి 1956లో న్యూయార్క్‌లో వచ్చింది. సూట్లు నలిగిపోయాయట, ముడతలు కనపడకుండా ఉండాలని అలా నడిచాడట. అతను చెప్పుకున్న కథ ఇది. చెప్పినంతవరకూ బాగుంది.

పద్నాలుగేళ్ల అమ్మాయి కేసు ఏమిటి?

1958లో బెర్రీ సెయింట్ లూయిస్‌లో క్లబ్ బ్యాండ్‌స్టాండ్ అని ఒక క్లబ్బు తెరిచాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చునే చోటు. ఆ ఊరి పోలీసులకు అదొక కంట్లో నలుసు. మరుసటేడు పర్యటనలో మెక్సికో సరిహద్దు దగ్గర ఒక అపాచీ తెగ అమ్మాయి కలిసింది. క్లబ్బులో టోపీలు భద్రపరిచే పని ఇస్తానని వెంట తీసుకొచ్చాడు. కొన్నాళ్లకు పనిలోంచి తీసేశాడు. ఆ అమ్మాయి పోలీసుల చేతికి చిక్కాక విషయం బయటపడింది. వయసు పద్నాలుగు. బెర్రీ తనతో శారీరక సంబంధం పెట్టుకున్నాడని ఆమె కోర్టులో చెప్పింది. అతను కాదన్నాడు, వయసు తెలియదన్నాడు.

కేసు పెట్టింది 1910 నాటి మాన్ చట్టం కింద. అనైతిక పనుల కోసం ఆడవాళ్లను రాష్ట్రాల సరిహద్దులు దాటించడం నేరమనే చట్టం. పేరుకు ఆడవాళ్ల రక్షణ. కానీ నల్ల బాక్సర్ల మీదా కళాకారుల మీదా కక్ష తీర్చుకోవడానికీ అక్కరకొచ్చింది. మొదటి నల్లజాతి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ జాక్ జాన్సన్‌ని 1913లో దీని కిందే దోషిగా తేల్చారు. బెర్రీ మొదటి విచారణలో జడ్జి జాతి గురించి ఎంత నీచంగా మాట్లాడాడంటే, పై కోర్టు ఆ తీర్పునే రద్దు చేసి మళ్లీ విచారించమంది. 1961లో రెండో విచారణ. మళ్లీ దోషే. మూడేళ్ల శిక్షలో దాదాపు ఇరవై నెలలు, 1962 ఫిబ్రవరి నుంచి 1963 అక్టోబరు దాకా, లోపలున్నాడు.

అభిమానులు ఈ కథ చెప్పేటప్పుడు జడ్జి దగ్గర ఆగిపోతారు. ద్వేషించేవాళ్లు అమ్మాయి దగ్గర ఆగిపోతారు. రెండూ నిజమే. జడ్జి జాత్యహంకారి అయినంత మాత్రాన ఆ అమ్మాయి వయసు పెరగదు. ఆ అమ్మాయికి జరిగింది అన్యాయం కనక ఆ జడ్జి నోటి కంపు తగ్గదు. ఆమె తర్వాతి జీవితం గురించి ఎవరూ పుస్తకం రాయలేదు, సినిమా తీయలేదు. ఆ బాకీ ఎవరి ఖాతాలోనూ ఎక్కలేదు.

జైలు గదిలో అట్లాసు అడిగాడని?

లోపలున్న నెలల్లో ఇతను అకౌంటింగు, వ్యాపార చట్టాలు చదివాడు, ఆగిపోయిన హైస్కూలు చదువు పూర్తి చేశాడు. పాటలూ రాశాడు. 'నాడీన్', 'నో పర్టిక్యులర్ ప్లేస్ టు గో', 'యూ నెవర్ కెన్ టెల్' ఆ పంటే. చివరిదాన్ని 1994లో 'పల్ప్ ఫిక్షన్' సినిమా నృత్య దృశ్యంలో వాడారు. 'ప్రామిస్డ్ ల్యాండ్' కోసం దేశపటం కావాల్సి వచ్చింది. కథానాయకుడు వర్జీనియా తీరంలో బయల్దేరి బస్సు, రైలు, విమానం మారుతూ కాలిఫోర్నియా చేరాలి. ఊళ్ల వరస తప్పకూడదు. ఖైదీ రోడ్ల పటం అడిగితే జైలువాళ్లకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? పారిపోవడానికే అనుకున్నారట. 1964లో ఆ పాట బయటికొచ్చింది. దక్షిణాదిలో బస్సు చెడిపోయే చోటు చూడండి, అలబామాలోని బర్మింగ్‌హామ్. అంతకు మూడేళ్ల ముందు, బస్సుల్లో సమాన హక్కు కోసం వెళ్లిన యువతీయువకుల్ని గుంపులు చావబాదిన ఊరు అది. పాటలో ఆ మాట ఎక్కడా ఉండదు. తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

ఎల్విస్ ప్రెస్లీ కూడా పాడిన పాట ఇది. నన్నడిగితే 'జానీ బి. గుడ్' కన్నా గొప్పది.

డబ్బు ముందు, పాట తర్వాత

జైలు నుంచి వచ్చాక బెర్రీ సొంత బృందాన్ని వెంటేసుకు తిరగడం మానేశాడు. గిటారు ఒక్కటి పట్టుకుని ఊళ్లో దిగేవాడు. మిగతా వాద్యకారుల్ని నిర్వాహకులే చూసుకోవాలి. ముందు కూర్చుని సాధన చేసేవాడు కాదు, ఏ పాట వస్తుందో చెప్పేవాడు కాదు, శ్రుతి కూడా చెప్పేవాడు కాదు. ఫలానా కంపెనీ యాంప్లిఫయర్లు రెండు ఉండాలని ఒప్పందంలో రాసుకునేవాడు, లేకపోతే అదనపు రుసుము. పైకం రొక్కంగా చేతిలో పడ్డాకే స్టేజీ ఎక్కేవాడు. అనుకున్న సమయం అయిపోగానే దిగి కారెక్కేవాడు. మన పెళ్లి మేళంవాళ్లు అడ్వాన్సు దగ్గర ఎంత గట్టిగా ఉంటారో, అంతకన్నా గట్టి.

1973లో ఒక కచేరీకి ఇలా వెనక వాయించిన కుర్రాళ్లలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఒకడు. అప్పటికి పెద్ద పేరు లేదు. ఏం పాటలు వాయించాలని అడిగితే, చక్ బెర్రీ పాటలు అని జవాబొచ్చిందట. వేలాది రాత్రులు ముక్కూ మొహం తెలియని బృందాలతో వాయించడం వల్ల చాలా కచేరీలు చెత్తగా సాగాయి. అది కూడా చరిత్రే.

రొక్కానికి రసీదులుండవు, పన్నుల శాఖకు ఓపిక ఉంటుంది. 1979 జూన్‌లో ప్రెసిడెంట్ కార్టర్ ఆహ్వానం మీద వైట్‌హౌస్‌లో పాడిన మనిషి, అదే ఏడు ఆదాయపు పన్ను ఎగవేతకు నేరం ఒప్పుకుని నాలుగు నెలలు జైలుకెళ్లాడు. వెయ్యి గంటల సమాజ సేవ అదనం. ఆ సేవ కచేరీల రూపంలోనే.

బెంగళూరుకు ఇతని పాట ఎవరి చేతుల మీదుగా వచ్చింది?

2003 ఏప్రిల్ 4న రోలింగ్ స్టోన్స్ మన దేశంలో మొట్టమొదటి కచేరీ చేసింది ముంబయిలో కాదు, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. ఈ బృందం పుట్టుకే చక్ బెర్రీ పుణ్యం. 1961 అక్టోబరులో ఇంగ్లండులోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో, తర్వాత స్టోన్స్ గాయకుడైన మిక్ జాగర్ చంకలో బెర్రీ రికార్డు చూసి కీత్ రిచర్డ్స్ మాట కలిపాడు. 1963లో వాళ్ల మొదటి రికార్డు 'కమ్ ఆన్' బెర్రీ పాటే. 1981లో న్యూయార్క్‌లో స్టేజీ వెనక కీత్ ముచ్చటపడి బెర్రీ గిటారు మీద చెయ్యి వేస్తే, బెర్రీ అతని మొహం మీద ఒక్కటిచ్చాడు. అయినా 1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి జాబితాలో బెర్రీని చేర్చేటప్పుడు పరిచయం చేసింది కీతే. అదే ఏడు సెయింట్ లూయిస్‌లో అరవయ్యేళ్ల పండగ కచేరీ నడిపించి, బస్సు నడుపుతున్న జాన్సన్‌ను పియానో ముందు కూర్చోబెట్టింది కూడా ఈ దెబ్బ తిన్నవాడే. ఆ కచేరీ మీద తీసిన సినిమా 1987లో వచ్చింది.

అదే మైదానంలో 2001లో డీప్ పర్పుల్, 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించారు. ఆ రాత్రుల్లో మేఖ్రి సర్కిల్ దగ్గర ఇరుక్కున్నవాళ్లు రాక్ సంగీతాన్ని వేరే కారణాలకు తలచుకుంటారు.

అంతకు చాలా ముందే, 1960లలో, ఈ ఊళ్లో పుట్టిన బిద్దూ 'ట్రోజన్స్' అనే కుర్రాళ్ల బృందంలో బీటిల్స్, స్టోన్స్ పాటలు పాడేవాడు. బెర్రీ బడిలో చదివినవాళ్ల దగ్గర చదివాడన్నమాట. తర్వాత లండన్ చేరి 1974లో 'కుంగ్ ఫు ఫైటింగ్', 1980లో హిందీలో 'ఆప్ జైసా కోయీ' చేశాడు. అది 'కుర్బానీ' సినిమాలోదని చెప్పనక్కర్లేదు.

తెలుగువాళ్లకూ ఈ ఊరి గిటారుతో ఒక చుట్టరికం ఉంది. 1939లో ఛందస్సును కావాలని కాలదన్ని 'ఫిడేలు రాగాల డజన్' రాసి పండితుల చేత తిట్లు తిన్న నెల్లూరు పఠాభి, తర్వాత బెంగళూరులో స్థిరపడ్డారు. 'సంస్కార' సినిమా తీసి సెన్సారుతో తలపడిందీ ఆయనే. వాళ్లబ్బాయి కోణార్క్ రెడ్డి ఇక్కడ పేరున్న గిటారిస్టు.

కాలయంత్రంలోనూ ఎక్కాడు

మన 'ఆదిత్య 369'కి ఆరేళ్ల ముందు, 1985లో, హాలీవుడ్‌లో 'బ్యాక్ టు ద ఫ్యూచర్' వచ్చింది. కుర్రాడు 1955కి వెళ్లి, ఇంకా పుట్టని 'జానీ బి. గుడ్' వాయిస్తాడు. చక్ బెర్రీ బంధువొకడు ఫోనులో ఆ శబ్దాన్ని అతనికి వినిపిస్తాడు. నవ్వొచ్చే దృశ్యమే. కానీ నల్లవాడి పాట తెల్ల కుర్రాడి దగ్గర పుట్టినట్టయిందని గొణిగినవాళ్లూ ఉన్నారు. 'మేబెలీన్' సంగతి తెలిసినవాళ్లు గొణగకుండా ఎలా ఉంటారు?

అమెరికాలో అందరి పట్టికలో ఒకటో స్థానానికి చేరిన ఒకే ఒక్క పాట ఏదో తెలుసా?

పైన చెప్పినవేవీ కావు. 1972లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జనం మధ్య రికార్డు చేసిన 'మై డింగ్-ఎ-లింగ్'. రెండర్థాల పాట, అదీ డేవ్ బార్తొలొమ్యూ అంతకు ఇరవై ఏళ్ల ముందే చేసినది. నైతిక విలువల ప్రచారకురాలు మేరీ వైట్‌హౌస్ నిషేధించమని బీబీసీ మీద పడ్డారు. నిషేధించలేదు. ఇంగ్లండులోనూ ఒకటో స్థానమే. దీని గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

1990లో ఏం జరిగింది?

బెర్రీకి మిస్సోరీలోని వెంట్జ్‌విల్‌లో ఒక రెస్టారెంటు ఉండేది. అక్కడి ఆడవాళ్ల మరుగుదొడ్డిలో రహస్య కెమెరా పెట్టించాడని పలువురు మహిళలు కోర్టుకెళ్లారు. చివరికి 59 మందితో డబ్బు మీద రాజీ కుదిరింది. ఇంటి మీద పోలీసు దాడిలో వీడియో టేపులూ గంజాయీ దొరికాయి. గంజాయి కేసులో నేరం ఒప్పుకున్నాడు. అప్పటికతనికి అరవై దాటాయి. కుర్రతనం, కాలం, జడ్జి, ఇవేవీ అడ్డం పెట్టుకోవడానికి లేవు.

విగ్రహం వద్దన్నారని?

1996 నుంచి 2014 దాకా సెయింట్ లూయిస్ డెల్మార్ వీధిలోని బ్లూబెర్రీ హిల్ రెస్టారెంటు కింది గదిలో బెర్రీ దాదాపు నెలకోసారి వాయించాడు. 209 కచేరీలు. ఎనభై ఏళ్లు దాటాక వేళ్లు తడబడేవి, మాటలు మర్చిపోయేవాడు. కొడుకూ కూతురూ పక్కన నిలబడి అందుకునేవాళ్లు. 2011లో ఆ రెస్టారెంటుకు ఎదురుగా ఎనిమిదడుగుల కంచు విగ్రహం పెడతామంటే కొందరు ఊరివాళ్లు సంతకాలు సేకరించారు. నేరస్థుడికి, ఆడవాళ్లతో ఇలా ప్రవర్తించినవాడికి పురపాలక స్థలంలో విగ్రహమా అని. విగ్రహాల గొడవలు బెంగళూరువాళ్లకు కొత్త కాదు. హలసూరు చెరువు దగ్గర తమిళ కవి తిరువళ్లువర్ పద్దెనిమిదేళ్లు ముసుగులోనే నిలబడి, 2009 ఆగస్టులో బయటికొచ్చారు. అక్కడ భాష తగువు, ఇక్కడ నడత తగువు. డెల్మార్ వీధిలో మాత్రం కౌన్సిల్ వెనక్కి తగ్గలేదు, జులై ఆఖర్న విగ్రహం లేచింది. ఆవిష్కరణకు బెర్రీ వచ్చాడు.

2016లో తొంభయ్యో పుట్టినరోజున, ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత కొత్త ఆల్బమ్ వస్తోందని ప్రకటించాడు. 'చక్' అని పేరు. అరవై ఎనిమిదేళ్లు కాపురం చేసిన థెమెటాకు అంకితం. 2017 మార్చి 18న పోయాడు, ఆల్బమ్ జూన్‌లో వచ్చింది. వినదగ్గదే.